వేట రైఫిల్‌కు తూటా ఎంచుకోవడం ఎలా: భుజానికి తగిలే తన్ను, బ్యారెల్ ఆయుష్షు

అమెరికాలో స్థిరపడి, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి, మొదటి వేట రైఫిల్ కొనాలని చూస్తున్న తెలుగువారి కోసం ఈ వ్యాసం. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు దారి మూసేసింది కాబట్టి, ఇక్కడ చెప్పేదంతా అమెరికా భూములకూ అక్కడి చట్టాలకూ సంబంధించినదే. మనలో ఎక్కువమంది ఇంట్లో తుపాకి అన్నదే చూడకుండా పెరిగినవాళ్ళం. అందువల్ల దుకాణంలో బల్ల వెనుక నిలబడిన మనిషి చెప్పే మాటల్లో దేనికి ఎంత విలువ ఇవ్వాలో తేల్చుకోవడం కష్టమవుతుంది. అతను తప్పకుండా ఎత్తే విషయాలు రెండు: ఫలానా తూటా బ్యారెల్‌ను త్వరగా తినేస్తుంది, ఫలానా తూటా భుజాన్ని గట్టిగా తన్నుతుంది. రెండూ నిజమే అయినా, ఏడాదికి ఒకటో రెండో జింకలను వేటాడే మనిషికి మొదటిది దాదాపు పట్టించుకోనక్కర్లేని విషయం, రెండోది మొదటి రోజు నుంచే గురిని శాసించే విషయం. ఆ తేడా ఎందుకో, దాన్ని మీ లెక్కలో ఎలా వేసుకోవాలో వరుసగా చూద్దాం.

ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి కేసు (గొట్టం), నిప్పు రాజేసే ప్రైమర్, తుపాకి మందు, గుండు కలిసిన మొత్తం. గుండు అంటే బ్యారెల్‌లోంచి బయటికి వెళ్ళే భాగం మాత్రమే. బరువులను గ్రెయిన్లలో చెబుతాను. 7000 గ్రెయిన్లు ఒక పౌండు.

1. ముందు చట్టం, జంతువు, దూరం తేల్చుకోండి

గ్రీన్‌కార్డు ఉన్నవారు ఫెడరల్ చట్టం ప్రకారం రైఫిల్ కొనవచ్చు. హెచ్-1బి, ఎఫ్-1 వంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు మాత్రం తుపాకి గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడమే నిషిద్ధం. అమెరికాలో జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం నుంచి మినహాయింపు దొరుకుతుంది. టెక్సస్‌లో ఉండేవారికి ఇక్కడొక చిక్కు ఉంది. 2019 సెప్టెంబరు నుంచి ఆ రాష్ట్రంలో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందులను వేటాడటానికి లైసెన్సు అక్కర్లేదు. స్నేహితులు ఆ మాట చెప్పి పిలిస్తే వీసా మీద ఉన్న మనిషి లైసెన్సు లేకుండా వెళ్ళకూడదు, ఎందుకంటే రాష్ట్రం అడగకపోయినా ఫెడరల్ మినహాయింపు ఆ కాగితం మీదే నిలబడి ఉంది. టెక్సస్ వార్షిక లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. రైఫిల్ ఇంట్లో ఉన్నంతకాలం అది ఖాళీ లేకుండా కొనసాగేలా చూసుకోవాలి. కొనేముందు ఒకసారి ఇమిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడటానికి అయ్యే ఖర్చు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే మంచి ఖర్చు.

తర్వాత మీరు వేటాడబోయే రాష్ట్రం ఏ తూటాను ఒప్పుకుంటుందో చూడండి. టెక్సస్‌లో జింకకు రిమ్‌ఫైర్ (అడుగు అంచున కొడితే పేలే) తూటా పనికిరాదు, సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో ప్రైమర్ ఉండే తూటా) కావాలి. వర్జీనియాలో జింకకు .23 క్యాలిబర్ (అంగుళాల్లో బ్యారెల్ రంధ్రం వెడల్పు) కంటే చిన్న రైఫిల్ వాడకూడదు. కొలరాడోలో పెద్ద జంతువులకు కనీసం .24 క్యాలిబర్, ఎల్క్ అనే పెద్ద జింకకు కనీసం 85 గ్రెయిన్ల గుండు ఉండాలి. ఒహాయో వంటి చోట్ల జింక వేటకు నిటారు గోడల (మెడ దగ్గర సన్నబడని) కేసులున్న తూటాలనే రైఫిళ్ళలో అనుమతిస్తారు కాబట్టి ఈ వ్యాసంలో చెప్పే తూటాలు అక్కడ జింకకు పనికిరావు; .350 లెజెండ్ వంటివి చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం లేని గుండ్లే వాడాలి.

దూరం విషయంలో పెద్ద చర్చ అవసరం లేదు. తూర్పు టెక్సస్ పైన్ అడవుల్లో జింక చాలాసార్లు 100 గజాల లోపే కనిపిస్తుంది. దక్షిణాన పొదల మధ్య కొట్టిన పొడవాటి దారుల్లో 200 నుంచి 300 గజాలు కావచ్చు. వైట్‌టెయిల్ జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం సుమారు 8 అంగుళాల వృత్తం. .243 విన్‌చెస్టర్ నుంచి పైకి, పేరున్న ఏ వేట తూటా అయినా ఆ దూరంలో, ఆ వృత్తంలో పడితే పని పూర్తిచేస్తుంది. ఆ వృత్తం దాటి పడితే ఎక్కువ మందు పట్టే .300 మాగ్నమ్ అయినా జంతువును గాయపరచి వదిలేస్తుంది. అంటే తూటా బలం కంటే అది ఎక్కడ పడుతుందన్నదే ముఖ్యం, ఎక్కడ పడుతుందన్నది చాలావరకు మీరు ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఎంత నిబ్బరంగా ఉన్నారన్నదాని మీద ఆధారపడుతుంది.

ఇవన్నీ రాసుకున్న కాగితం మీదే ఇంకొక అంకె వేయండి: ఏడాదికి మొత్తం ఎన్ని తూటాలు కాలుస్తారు? వేటలో కాల్చేవి మాత్రమే కాదు, రేంజిలో, అంటే కాల్పుల సాధన స్థలంలో, కాల్చేవి కూడా కలపాలి. బ్యారెల్ ఆయుష్షు లెక్కకు ఈ అంకె ఒక్కటే చాలు.

2. తన్నును లెక్కగట్టండి

రైఫిల్ ఎంత గట్టిగా తన్నుతుందో దుకాణంలో చేత్తో పట్టుకుంటే తెలియదు. దాన్ని కాగితం మీద లెక్కగట్టవచ్చు, కష్టమైన లెక్కేమీ కాదు. ముందుకు పోయే గుండు, దాని వెనుక దూసుకుపోయే మందు వాయువులు, ఈ రెండింటి ద్రవ్యవేగానికి సమానంగా రైఫిల్ వెనక్కి కదులుతుంది. అమెరికాలో తుపాకి, తూటా ప్రమాణాలు నిర్ణయించే సామీ సంస్థ సూత్రంలో, రైఫిళ్ళకు వాయువుల వేగాన్ని గుండు వేగానికి 1.75 రెట్లుగా తీసుకుంటారు.

.308 విన్‌చెస్టర్ తీసుకుందాం. 150 గ్రెయిన్ల గుండు సెకనుకు 2820 అడుగుల వేగంతో బయటపడుతుంది, మందు సుమారు 46 గ్రెయిన్లు. గుండు బరువును దాని వేగంతో గుణిస్తే 4,23,000. వాయువుల వేగం 4935 అడుగులు. దాన్ని 46తో గుణిస్తే 2,27,010. రెండూ కూడి 7000తో భాగిస్తే 92.9 వస్తుంది. స్కోప్, పట్టీ కలిపి మీ రైఫిల్ 8 పౌండ్లుంటే, 92.9ను 8తో భాగించండి: రైఫిల్ సెకనుకు 11.6 అడుగుల వేగంతో మీ భుజం మీదికి వస్తుంది. ఆ వేగాన్ని వర్గం చేసి, 8తో గుణించి, 64.34తో భాగిస్తే 16.7 ఫుట్-పౌండ్లు. ఇదే తన్ను శక్తి.

ఈ లెక్కలో ఒక విషయం దగ్గర ఆగి చూడాలి. బ్యారెల్‌లోంచి వెళ్ళే మొత్తం బరువులో మందు వాటా నాలుగో వంతుకు కూడా చేరదు. అయినా తన్నులో దాని వాటా మూడో వంతు దాటింది, వాయువులు గుండు కంటే అంత వేగంగా పోతాయి కాబట్టి. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌లో 180 గ్రెయిన్ల గుండుకు మందు 73 గ్రెయిన్ల దాకా ఉంటుంది, అక్కడ మందు వాటా 40 శాతం దాటుతుంది. కేసులో మందు పెరిగేకొద్దీ గుండుకు దొరికే అదనపు వేగం కొంచెమే. భుజానికి పడే అదనపు భారం మాత్రం కొంచెం కాదు.

అదే 8 పౌండ్ల రైఫిల్‌లో, మామూలుగా దొరికే వేట తూటాలతో ఇదే సూత్రం ఇచ్చే అంకెలు ఇలా ఉంటాయి. 100 గ్రెయిన్ల గుండుతో .243 విన్‌చెస్టర్ సుమారు 11 ఫుట్-పౌండ్లు తన్నుతుంది. 143 గ్రెయిన్లతో 6.5 క్రీడ్‌మూర్ 13, 140 గ్రెయిన్లతో 7ఎమ్ఎమ్-08 రెమింగ్టన్ 15, ఇప్పుడు చూసిన .308 దాదాపు 17. అక్కడి నుంచి 130 గ్రెయిన్ల .270 విన్‌చెస్టర్ 19కి, 180 గ్రెయిన్ల .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ 22కి చేరతాయి. 7ఎమ్ఎమ్ రెమింగ్టన్ మాగ్నమ్ 27, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 33. మందు బరువు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి అటూఇటూ ఒకటి రెండు తేడా రావచ్చు, వరుస మాత్రం మారదు.

15 ఫుట్-పౌండ్ల దాకా చాలామంది హాయిగా సాధన చేయగలరని, 20 దాటితే అనుభవజ్ఞులకు సైతం గురి చెదరడం మొదలవుతుందని షూటర్లలో చాలాకాలంగా ఒక అంచనా ఉంది. ఇది శాస్త్ర నియమం కాదు, మనిషిని బట్టి మారుతుంది. అయినా మొదటి రైఫిల్‌కు 17ను పై గీతగా పెట్టుకోమని నేను చెబుతాను. తన్నును ఓర్చుకోవడం మగతనానికి గుర్తుగా మాట్లాడేవారు రేంజిలో ఎప్పుడూ ఒకరుంటారు. వారి టార్గెట్ కాగితం చూసి తర్వాత మాట వినండి.

3. రైఫిల్ బరువు, కొలత సరిచూడండి

పై అంకెలన్నీ 8 పౌండ్ల రైఫిల్‌కు సంబంధించినవి. అదే .308ను స్కోప్‌తో కలిపి 6 పౌండ్లు తూగే పర్వత రైఫిల్‌లో పెడితే 92.9ను 6తో భాగించాలి. వేగం 15.5 అడుగులు, శక్తి 22 ఫుట్-పౌండ్లు. అంటే తేలిక రైఫిల్‌లోని .308, బరువు రైఫిల్‌లోని .30-06తో సమానంగా తన్నుతుంది. పైగా తేలిక రైఫిల్ భుజం మీదికి ఎక్కువ వేగంతో వస్తుంది కాబట్టి, అంకె ఒకటే అయినా అది నెట్టినట్టు కాక పొడిచినట్టు తగులుతుంది. జింక కోసం చెట్టు మీద కట్టిన మంచెలోనో, కంటపడకుండా దాచే డబ్బాలాంటి బ్లైండ్‌లోనో కూర్చునే మనిషికి రెండు పౌండ్లు తగ్గించుకుని ఒరిగేదేమీ లేదు. దుకాణాల్లో తేలిక రైఫిల్ చేతికి హాయిగా అనిపిస్తుంది, అందుకే బాగా అమ్ముడుపోతుంది. అది కొలరాడోలో కొండలెక్కే వారికోసం చేసిన వస్తువని గుర్తుంచుకోండి.

స్టాక్ (రైఫిల్‌ను భుజానికి ఆనించే వెనుక భాగం) పొడవు మరో విషయం. ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరిదాకా ఉండే దూరం ఫ్యాక్టరీ రైఫిళ్ళలో సుమారు 13.5 అంగుళాలు ఉంటుంది, సగటు అమెరికన్ మగవాడి చేయిని దృష్టిలో పెట్టుకుని. ఐదున్నర అడుగుల లోపు ఎత్తున్నవారికి అది తరచు పొడవవుతుంది. పొడవైన స్టాక్ భుజం గుంటలో సరిగ్గా కూర్చోదు, చేతి కండ మీదికి జారుతుంది, అక్కడ చిన్న తన్ను కూడా కమిలిపోయేలా తగులుతుంది. ఒకటో అరో అంగుళం తగ్గించిన కాంపాక్ట్ మోడళ్ళు, మధ్యలో పలకలు తీసి పొడవు మార్చుకునే స్టాకులు దొరుకుతాయి, వాటిని ముందే అడగండి. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తి, తర్వాత కళ్ళు తెరవండి. మెడ చాచకుండా, తల కదపకుండా స్కోప్‌లో పూర్తి వృత్తం కనిపిస్తే కొలత సరిపోయినట్టు. కంటికీ స్కోప్‌కూ మధ్య మూడున్నర అంగుళాలైనా ఖాళీ ఉండేలా స్కోప్ బిగించాలి, లేకపోతే తన్నినప్పుడు దాని అంచు కనుబొమను కోస్తుంది.

మంచి రబ్బరు రీకాయిల్ ప్యాడ్ ఖరీదైనది కాదు, తప్పకుండా వేయించండి. బ్యారెల్ మూతికి తగిలించే మజిల్ బ్రేక్ తన్నును బాగా తగ్గిస్తుంది, కానీ ఆ వాయువులను పక్కలకు మళ్ళించి పేలుడు శబ్దాన్ని మీ చెవి మీదికీ, పక్కన కూర్చున్నవారి చెవి మీదికీ తెస్తుంది. బ్రేక్ లేని రైఫిల్ శబ్దమే చెవికి హాని మొదలయ్యే 140 డెసిబెళ్ళను ఎప్పుడో దాటి ఉంటుంది. బ్లైండ్‌లో పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని బ్రేక్ ఉన్న రైఫిల్ పేల్చడం తగని పని. సప్రెసర్ తన్నునూ శబ్దాన్నీ రెండింటినీ తగ్గిస్తుంది. దానికి ఫెడరల్ రిజిస్ట్రేషన్ తప్పదు, కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలు దాన్ని ఒప్పుకోవు. వీటికంటే సులువైన మార్గం తక్కువ మందున్న తూటా కొనడం.

4. బ్యారెల్ ఎలా అరుగుతుందో తెలుసుకోండి

గుండు ఒరుసుకోవడం వల్ల బ్యారెల్ అరుగుతుందని చాలామంది అనుకుంటారు. దానికంటే ఎక్కువ నష్టం చేసేది వేడి. మందు మండినప్పుడు వాయువుల ఉష్ణోగ్రత సుమారు 2500 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది, ఉక్కు 1500 దగ్గరే కరుగుతుంది. అదంతా సెకనును వెయ్యి వంతులు చేస్తే అందులో ఒకటి రెండు వంతుల కాలమే కాబట్టి బ్యారెల్ కరిగిపోదు. కానీ దాని లోపలి పైపొర కాలి, చల్లారి, మళ్ళీ కాలి పెళుసెక్కుతుంది. నష్టమంతా కేంద్రీకృతమయ్యే చోటు థ్రోట్, అంటే చాంబర్ (తూటా కూర్చునే గది) ముగిసి రైఫ్లింగ్ (గుండును గిరగిరా తిప్పే మెలిక గాళ్ళు) మొదలయ్యే ఒకటి రెండు అంగుళాలు. బోర్‌స్కోప్‌తో (బ్యారెల్ లోపలిని చూపే సన్నని సాధనం) చూస్తే పాతబడిన థ్రోట్ ఎండాకాలంలో బీటలువారిన చెరువు అడుగులా కనిపిస్తుంది. ఆ బీటల్లోంచి తర్వాతి తూటాల వాయువులు ఉక్కు రేణువులను పెకలించుకుపోతాయి, రైఫ్లింగ్ మొదలు కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతుంది, గుండు దానిలోకి నిటారుగా ప్రవేశించడం మానేస్తుంది, టార్గెట్ మీద గుండ్లు చేసిన రంధ్రాల గుంపు విచ్చుకుంటుంది.

దీన్నిబట్టి ఒక మొరటు కొలత తయారుచేసుకోవచ్చు: ఎంత మందు, ఎంత సన్నని రంధ్రం గుండా పోతోంది? మందు గ్రెయిన్లను బోరు (బ్యారెల్ రంధ్రం) అడ్డుకోత వైశాల్యంతో, అంటే చదరపు అంగుళాల్లో, భాగించండి. .308కి సుమారు 620 వస్తుంది. 7ఎమ్ఎమ్-08కి 700 దగ్గర, 6.5 క్రీడ్‌మూర్‌కూ .30-06కూ 750 దగ్గర. .243, .270 రెండూ 930 చుట్టూ ఉంటాయి. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 980, 7ఎమ్ఎమ్ రెమింగ్టన్ మాగ్నమ్ 1040. బ్యారెల్ తింటుందని చాలాకాలం చెడ్డపేరు మోసిన .264 విన్‌చెస్టర్ మాగ్నమ్ 1100 దాటుతుంది, 26 నోస్లర్ 1500 దగ్గరికి పోతుంది. అంకె పెద్దదైతే ఆయుష్షు తక్కువ. ఒకే మందు బరువున్న .270 కంటే .30-06 బ్యారెల్ ఎందుకు ఎక్కువకాలం నిలుస్తుందో ఈ భాగహారమే చెబుతుంది, .30-06 రంధ్రం పెద్దది.

తూటాల సంఖ్యలో చెప్పాలంటే, పోటీ షూటర్లు .308 బ్యారెల్‌ను 5000 తూటాల దాకా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ వాడతారు. 6.5 క్రీడ్‌మూర్‌కు 2500 నుంచి 3000, .243కు 1500 నుంచి 2500, పెద్ద మాగ్నమ్‌లకు 1500 దాపుల్లో అని చెప్పుకుంటారు. వీటిని చదివేటప్పుడు ఒక సంగతి మరవకూడదు: అవి పోటీల ప్రమాణం. వెయ్యి గజాల దగ్గర మార్కులు పోగొట్టుకోవడం మొదలవగానే వాళ్ళు బ్యారెల్ తీసేస్తారు. 100 గజాల వద్ద అర అంగుళం గుంపు అంగుళంన్నర అయితే పోటీలో ఆ బ్యారెల్ చచ్చినట్టే. 8 అంగుళాల వృత్తం మీద గురిపెట్టే వేటగాడికి అది 250 గజాలదాకా ఏ తేడా తెలియనివ్వని బ్యారెల్.

5. మీ అంకెను ఈ లెక్కలో వేయండి

ఇప్పుడు మొదట రాసుకున్న ఏడాది అంకె తీయండి. సీజన్‌కు ముందు గురి సరిచూసుకోవడానికి ఒక పెట్టె, అంటే 20 తూటాలు. సాధనకు రెండు పెట్టెలు. వేటలో రెండో మూడో. మొత్తం ఏడాదికి సుమారు 60. అందరిలోకీ త్వరగా అరిగే మాగ్నమ్‌కు 1500 వేసుకున్నా దాదాపు 25 ఏళ్ళు. .243ను 2000 వేసుకుంటే 30 ఏళ్ళకు పైగా. .308 అయితే మీ మనవడు దాన్ని పాడుచేయాల్సిందే. ఈ స్థితిలో ఉన్నవారు బ్యారెల్ ఆయుష్షును తూటా ఎంపిక నుంచి పూర్తిగా తీసేయవచ్చు. దుకాణంలో .243 వద్దని, అది బ్యారెల్ తినేస్తుందని చెబితే మర్యాదగా తల ఊపండి.

నెలకు 100 తూటాలు రేంజిలో కాల్చే అలవాటు చేసుకోబోయేవారి లెక్క వేరు. ఏడాదికి 1200. .243 బ్యారెల్ రెండేళ్ళకు, 6.5 క్రీడ్‌మూర్ రెండున్నరేళ్ళకు, .308 నాలుగేళ్ళకు పైగా. వీరికి బ్యారెల్ ఆయుష్షు నిజమైన ఖర్చే, అయినా అది పెద్ద ఖర్చు కాదు. వేట తూటా ఒక్కోటి డాలరుకు తక్కువ దొరకడం అరుదు, తరచు రెండు డాలర్ల దాకా పోతుంది. ఒక బ్యారెల్‌ను అరగదీయడానికి కావలసిన 2000 తూటాల ఖర్చు వేల డాలర్లు, కొత్త బ్యారెల్ వేయించే ఖర్చు వందల్లో. తూటాలు కొనగలిగిన మనిషికి బ్యారెల్ భారం కాదు.

మూడో వర్గం ఒకటుంది, టెక్సస్‌లో దాని సంఖ్య తక్కువేమీ కాదు: ఒంటి వేడిని చూపే థర్మల్ స్కోప్ పెట్టి రాత్రిపూట పందుల గుంపుల మీద సెమీ-ఆటోమేటిక్ రైఫిల్ ఖాళీచేసేవారు. బ్యారెల్ వేడిగా ఉండగానే మళ్ళీ మళ్ళీ పేలిస్తే అరుగుదల ఎన్నో రెట్లు పెరుగుతుంది, అప్పుడు పైన చెప్పిన ఏ అంకే వర్తించదు. అలాంటి పనికి .308 వంటి పెద్ద రంధ్రం, తక్కువ మందు ఉన్న తూటాయే తీసుకోవాలి.

గమనిస్తే, తన్నుకూ అరుగుదలకూ రెండింటికీ మూలం ఒకటే: ఎక్కువ మందు. అందుకే మొదటి రైఫిల్ విషయంలో ఈ రెండు ప్రశ్నలు చాలావరకు ఒకే జవాబు దగ్గరికి చేరతాయి. ఒక్క .243 మాత్రం దారి తప్పుతుంది. తన్నులో అన్నిటికంటే మెత్తన, అరుగుదలలో మాగ్నమ్‌లకు దగ్గర.

వైట్‌టెయిల్ జింక, అడవిపంది రెండూ మీ లక్ష్యమైతే నా ఎంపిక 7ఎమ్ఎమ్-08. 1980లో రెమింగ్టన్ తెచ్చిన ఈ తూటా .308 కేసు మెడను సన్నం చేసి తయారుచేసింది. తన్ను 15 దగ్గర ఆగుతుంది, ఎల్క్ దాకా పనికొస్తుంది. దాని లోటు ఒకటే, చిన్న ఊళ్ళ దుకాణాల్లో తూటాలు రెండు మూడు రకాలకు మించి ఉండవు. ఆ ఇబ్బంది వద్దనుకుంటే 2007లో హార్నడీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తీసుకోండి, ఇప్పుడది దాదాపు ప్రతి దుకాణంలోనూ ఉంటుంది, తన్ను ఇంకా తక్కువ. ఎక్కువ సాధన చేస్తామనేవారికి 1952 నాటి .308. చిన్న ఒడ్డు పొడుగు ఉన్నవారికి, కౌమారంలోని పిల్లలకు .243, గుండు మాత్రం 90 నుంచి 100 గ్రెయిన్ల వేట గుండే కావాలి, నక్కల కోసం చేసే పలుచని తేలిక గుండు కాదు. మాగ్నమ్‌లు మొదటి రైఫిల్‌గా వద్దు. ఇప్పటికే .308 గాని .30-06 గాని కొని భుజం నొప్పితో బాధపడుతుంటే, మందు తగ్గించి చేసిన రీకాయిల్ తక్కువ తూటాలు దొరుకుతాయి. 150 గజాల లోపు జింకకు అవి ధారాళంగా చాలు, బ్యారెల్‌కూ మేలు.

6. కొనేముందు పేల్చి చూడండి, కొన్నాక జంకును పట్టుకోండి

చాలా రేంజిలు రైఫిళ్ళు అద్దెకిస్తాయి. మీరనుకున్న తూటాను కనీసం పది సార్లు పేల్చండి, చెవులకు లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకుని. మొదటి మూడు తూటాలు ఉత్సాహంలో ఏమీ తెలియనివ్వవు, ఎనిమిదో తొమ్మిదో తూటా దగ్గర శరీరం నిజం చెబుతుంది. బల్ల మీద వంగి కాలిస్తే నిలబడి కాల్చినదానికంటే గట్టిగా తగులుతుంది, ఎందుకంటే అక్కడ మొండెం వెనక్కి ఊగే వీలుండదు. ఆ అనుభవంతోనే తూటాను తిరస్కరించకండి, నిలబడి కూడా ప్రయత్నించండి.

తన్నుకు భయపడి పేలకముందే శరీరం కదలడమే జంకు, దాన్ని మనంతట మనం పసిగట్టలేం. అందుకు ఒక పాత పద్ధతి ఉంది. మీ స్నేహితుణ్ణి మీ రైఫిల్‌లో ఒక్కో తూటా పెట్టి ఇవ్వమనండి. మధ్యలో మీకు చెప్పకుండా నకిలీ తూటా పెట్టాలి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు పేలుడు రాకపోయినా రైఫిల్ మూతి కిందికి దిగినా, మీ కన్ను మూసుకున్నా, భుజం ముందుకు తోసినా, మీ గురి తప్పుతున్నది ఆ కదలిక వల్లనే. దీనికి విరుగుడు అదే రైఫిల్‌తో ఎక్కువ తూటాలు కాల్చి అలవాటు చేసుకోవడం కాదు, .22 రిమ్‌ఫైర్ రైఫిల్‌తో వందలాది తూటాలు కాల్చి, మధ్యమధ్యలో పెద్ద రైఫిల్‌తో ఐదు కాల్చడం. .22కి తన్నూ లేదు, బ్యారెల్ అరుగుదల గురించి ఆలోచించనూ అక్కర్లేదు, తూటా పైసల్లో పని.

రేంజికి వాడిన సంచిని ఆ పనికే ఉంచండి. అందులో మూలన ఒక్క తూటా మరచిపోయి అదే సంచితో హైదరాబాద్ విమానం ఎక్కితే, శంషాబాద్‌లో 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు ఎదుర్కోవాల్సి రావచ్చు.

7. బ్యారెల్‌ను కాపాడుకోండి, అరిగాక మార్చుకోండి

వేట రైఫిళ్ళ సన్నని బ్యారెళ్ళు త్వరగా వేడెక్కుతాయి. మూడు తూటాలు కాల్చాక ఆగండి. చాంబర్ ముందు భాగం మీద అరచేయి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే, ఉంచగలిగేదాకా రైఫిల్‌ను తెరిచి నిలబెట్టండి. వేడి మీద గుంపు విచ్చుకోవడం అరుగుదల కాదు, చల్లారితే సర్దుకుంటుంది. ఆ తేడా తెలియక మంచి బ్యారెళ్ళను అమ్మేసుకునేవారున్నారు. శుభ్రం చేసే కడ్డీని మూతివైపు నుంచి కాకుండా చాంబర్ వైపు నుంచి దూర్చండి, మూతి అంచు చెడితే గురి చెడుతుంది. ఇక టెక్సస్ గల్ఫ్ తీరం తేమలో ఉండేవారికి మందు వేడికంటే తుప్పే పెద్ద శత్రువు, వేటగాళ్ళ బ్యారెళ్ళలో ఎక్కువ దానికే బలవుతాయి. పాత రైఫిల్ కొనేటప్పుడు బోర్‌స్కోప్‌తో థ్రోట్ చూపించమని గన్‌స్మిత్‌ను (తుపాకులు బాగుచేసేవాణ్ణి) అడగండి, అంతకంటే ముందు బ్యారెల్ లోపల తుప్పు గుంటలు చూడమనండి.

ఎప్పటికైనా బ్యారెల్ నిజంగానే అరిగితే రైఫిల్ పారేయాల్సిన పనిలేదు. .243, 7ఎమ్ఎమ్-08, .308 మూడింటి కేసు అడుగు ఒకే కొలత, పొడవులూ దగ్గరే, కాబట్టి చాలా బోల్ట్-యాక్షన్ రైఫిళ్ళలో బోల్టు, మ్యాగజీన్ మార్చకుండానే ఒకదాని స్థానంలో ఇంకొకదాని బ్యారెల్ వేయించుకోవచ్చు. పిల్లవాడి కోసం కొన్న .243, అతను పెద్దయ్యాక 7ఎమ్ఎమ్-08 కావచ్చు. పని చేయించేటప్పుడు గన్‌స్మిత్ హెడ్‌స్పేస్‌ను (మూసిన బోల్టు ముందు తూటాకు ఉండే చోటు కొలతను) గేజితో సరిచూశాడో లేదో అడగండి. కొత్త తూటా పేరు బ్యారెల్ మీద స్పష్టంగా చెక్కించుకుని, పాత తూటాల పెట్టెలన్నీ అదే రోజు ఆ రైఫిల్ దగ్గర నుంచి తీసేయండి.